ఎడ్డీస్టన్ లైట్‌హౌస్: ఒకే రాతిగుట్ట మీద నాలుగు టవర్లు ఎందుకు కట్టాల్సి వచ్చింది?

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పేరుతో ఫొటోలు వెతికితే పచ్చిక మైదానంలో ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్ ఒకటి కనిపిస్తుంది. ఎడ్డీస్టన్ పేరుతో వెతికితే నడిసముద్రంలో బూడిదరంగు టవర్, దాని పక్కనే తల తెగిన మొండి స్తంభం కనిపిస్తాయి. మూడింటికీ ఎడ్డీస్టన్ పేరే తగిలిస్తుంటారు కాబట్టి ఏది అసలుదో తెలియక చాలామంది తికమకపడతారు. నిజానికి మైదానంలో ఉన్నదీ, సముద్రంలోని మొండి స్తంభమూ ఒకే టవర్‌కి పైభాగం, కిందిభాగం. బూడిదరంగుది దాని తర్వాత కట్టింది. ఈ రెండింటికి ముందు అక్కడే ఇంకో రెండు లేచి పోయాయి.

సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఇది సిమెంటు పాఠంలో ఒక్క వాక్యంగా వచ్చిపోయే పేరు: స్మీటన్, ఎడ్డీస్టన్, నీటిలో గట్టిపడే సున్నం. ఆ వాక్యం తప్పు కాదు గానీ, టవర్ నిలబడటానికి సున్నం ఒక్కటే కారణం అనిపిస్తుంది. వీటిలో మొదటి మూడు టవర్లకూ దెబ్బ ఒక్కోదానికి ఒక్కో చోట తగిలింది. ఆ చోట్లను వరసగా చూస్తే సముద్రం మధ్య కట్టడం అంటే ఏమిటో అర్థమవుతుంది.

గుట్ట స్వభావం

ఎడ్డీస్టన్ అనేది ప్లిమత్‌కు దాదాపు 22 కిలోమీటర్ల దూరంలో, ఇంగ్లిష్ చానల్ ముఖద్వారం దగ్గర ఉన్న రాతి వరస. రాయి నైస్ రకం, చాలా గట్టిది. పెద్ద పోటుకు గుట్ట దాదాపు మొత్తం మునిగిపోతుంది, పాటుకు కొన్ని శిలలు బయటపడతాయి. పున్నమికీ అమావాస్యకీ ఆ తీరంలో పోటు పాటుల మధ్య తేడా నాలుగున్నర మీటర్లకు పైమాటే. అంటే రోజుకు కొన్ని గంటలే రాయి మీద కాలు పెట్టే వీలుంటుంది. అదీ గాలి అనుకూలిస్తే, అదీ ఎండాకాలంలో. పైగా రాయి సమతలంగా లేదు, ఒక వైపుకు ఏటవాలుగా ఉంటుంది. ఏటవాలు మీద బరువు పెడితే అది జారాలనే చూస్తుంది.

తీరం మీద లైట్‌హౌస్‌కు ఈ గొడవ లేదు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ మీది దీపానికి కావాల్సిన ఎత్తులో ఎక్కువ భాగం కొండే ఇస్తుంది. నడిసముద్రంలో ఆ ఎత్తును మనిషే కట్టుకోవాలి.

ఎత్తు ఎందుకు? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దీపం ఎంత ప్రకాశవంతమైనదైనా కొంత దూరం దాటాక దిగంతం కిందికి పోతుంది. నావికులు వాడే లెక్క ఇది: దీపం ఎత్తు వర్గమూలం, చూసేవాడి కంటి ఎత్తు వర్గమూలం కలిపి, 2.08తో గుణిస్తే దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. ఎత్తులు మీటర్లలో తీసుకోవాలి. దీపం 22 మీటర్ల ఎత్తులో, ఓడ మీద కన్ను 5 మీటర్ల ఎత్తులో ఉంటే 4.69, 2.24 కలిపి 6.93. దాన్ని 2.08తో గుణిస్తే సుమారు 14.4 మైళ్లు. దీపాన్ని 41 మీటర్లకు లేపితే దూరం దాదాపు 18 మైళ్లు. ఎత్తు ఇంచుమించు రెట్టింపైనా దూరం పావువంతే పెరిగింది. అయినా ఎత్తు పెంచారంటే దానికి ఇంకో కారణం ఉంది. తక్కువ ఎత్తు దీపాన్ని అలల తుంపర కప్పేస్తుంది. ఈ సంగతి మొదటి టవర్‌తోనే తెలిసొచ్చింది.

మొదటి రెండు: అలంకారం ఒకటి, ఓడ పద్ధతి ఒకటి

హెన్రీ విన్‌స్టన్లీ 1696లో పని మొదలుపెట్టాడు. ఆ వేసవంతా రాతిలో పన్నెండు రంధ్రాలు తొలిచి ఇనుప కడ్డీలు దిగేయడానికే సరిపోయింది. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రైవేటు యుద్ధనౌక ఒకటి వచ్చి అతన్ని పట్టుకుపోయింది. రాజు పద్నాలుగో లూయీ, తన యుద్ధం ఇంగ్లండ్‌తోనే గానీ మానవజాతితో కాదని విడిపించాడంటారు. 1698 నవంబర్ 14న దీపం వెలిగింది. ఆ చలికాలంలో అలలు దీపపు గది మీదుగా పోయాయి, రాళ్ల మధ్య సున్నం సరిగా గట్టిపడలేదు. 1699లో విన్‌స్టన్లీ చుట్టూ మరో పొర కట్టి అడుగు వ్యాసాన్ని 7 మీటర్ల పైకి పెంచి, టవర్‌ని ఇంకా 12 మీటర్లు లేపాడు. సమస్యను గుర్తించడంలో అతను తప్పు చేయలేదు. కానీ పైభాగమంతా వరండాలు, బురుజులు, అలంకారపు కొయ్యపని. గాలికీ నీటికీ పట్టు దొరికే ఆకారం అది. 1703 నవంబర్ 26 రాత్రి మొదలైన మహా తుఫానులో టవర్‌తో పాటు, మరమ్మతుల కోసం అక్కడే ఉన్న విన్‌స్టన్లీ కూడా పోయాడు. పొద్దున చూస్తే కొన్ని ఇనుప కడ్డీలు మాత్రం మిగిలాయి.

రెండో టవర్ కట్టిన జాన్ రడ్యర్డ్ లండన్ పట్టు వ్యాపారి. వూలిచ్ రేవులోని ఇద్దరు ఓడల వడ్రంగుల్ని తెచ్చుకున్నాడు. ఏటవాలు రాతిని మెట్లుగా చెక్కించాడు. ముప్ఫై ఆరు రంధ్రాలు తొలిపించాడు. అవి పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా ఉండేలా చేయించి, దిగేసిన ఇనుము పైకి రాకుండా చూశాడు. రంధ్రంలోని నీటిని కరిగిన కొవ్వు పోసి వెళ్లగొట్టి, ఆ మీదట కరిగిన ప్యూటర్ (తగరం ప్రధానంగా ఉండే మిశ్రమ లోహం) పోయించాడు. నీరు ఉన్న చోట నేరుగా కరిగిన లోహం పోస్తే ఆవిరి చిమ్ముతుంది కాబట్టి ఈ జాగ్రత్త. దాని మీద ఓక్ దూలాలు ఒక వరస, బరువు కోసం గ్రానైట్ ఒక వరస. బయట నున్నటి శంకువు ఆకారం. విన్‌స్టన్లీ టవర్‌లా దీన్ని అల పట్టుకోలేకపోయింది.

ఈ టవర్ 47 ఏళ్లు నిలిచింది. సముద్రపు పురుగులు చెక్కను తొలుస్తుంటే పలకలు మారుస్తూ వచ్చారు. దాన్ని చివరికి దించింది నీరు కాదు, నిప్పు. 1755 డిసెంబర్‌లో పై దీపపు గదిలో మంట లేచింది. తొంభై నాలుగేళ్ల కాపలాదారు హెన్రీ హాల్ కిందినుంచి నీళ్లు చల్లుతుంటే, పైకప్పు సీసం కరిగి అతని నోట్లోకి పడింది. కొన్ని రోజులకు అతను చనిపోయాక వైద్యుడు కడుపులోంచి దాదాపు 200 గ్రాముల సీసపు ముద్ద తీశాడు. దాన్ని ఎడిన్‌బరో మ్యూజియంలో ఇప్పటికీ దాచారు. చెక్క టవర్ తలమీద రాత్రంతా ఇరవై నాలుగు కొవ్వొత్తులు వెలిగించడమే ఆ డిజైన్‌లోని లోపం.

స్మీటన్: రాయికి రాయి తాళం

జాన్ స్మీటన్ అప్పటికి శాస్త్ర పరికరాలు తయారుచేసే ముప్ఫై ఏళ్ల యువకుడు. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ సిఫారసు మీద పని అతనికి వచ్చింది. మొత్తం రాతితోనే కడతానన్నాడు. సముద్రంలో రాతి కట్టడం నిలవదనీ, చెక్కకున్న సాగుడు దానికి లేదనీ అప్పట్లో గట్టి అభిప్రాయం ఉండేది.

రాతి కట్టడాన్ని అల ఎలా విప్పుతుందో ముందు చూడాలి. బయటినుంచి నెట్టే దెబ్బను గుండ్రటి వరస తట్టుకుంటుంది. రాళ్లు కేంద్రం వైపు సన్నబడుతూ ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. ప్రమాదం అల వెనక్కి తగ్గేటప్పుడు వస్తుంది. సందుల్లోకి దూరిన నీరు, నొక్కుడుపడిన గాలి ఒక్కసారి బయటికి తోస్తాయి, రాయి ముందుకు ఊడి వస్తుంది. ఒక రాయి ఊడితే పక్కవాటికి ఆనుడు పోతుంది.

అందుకని స్మీటన్ ప్రతి రాయినీ డవ్‌టెయిల్ ఆకారంలో చెక్కించాడు. బల్ల సొరుగు మూలల్లో వడ్రంగి పెట్టే జోడింపే ఇది: కొస వెడల్పు, మెడ సన్నం, కాబట్టి అడ్డంగా లాగినా రాదు. ఒక వరసలోని రాళ్లన్నీ ఇలా ఒకదానిలో ఒకటి దిగి, మధ్య రాయి చుట్టూ బిగుసుకుంటాయి. పై వరసకీ కింది వరసకీ మధ్య జారుడు ఆపడానికి సగం కింది రాతిలో, సగం పై రాతిలో కూర్చునే పాలరాతి దిమ్మెలు పెట్టాడు. కింది ఆరు వరసలు గుట్టలో చెక్కిన మెట్లలోకి దిగి ఏటవాలును పూడ్చాయి. నిండు వృత్తం ఏడో వరసనుంచే మొదలవుతుంది.

ఒక్క రాయి కూర్చోబెట్టడం ఇలా సాగేది. ప్లిమత్ మిల్‌బే యార్డులో ముందే వరస మొత్తం సున్నం లేకుండా పేర్చి చూసి, గుర్తులు పెట్టి, విప్పి పడవెక్కించేవారు. గుట్ట మీద రాయిని ఒకసారి ఊరికే దించి సరిచూసి, మళ్లీ లేపి, కింద సున్నం పరిచి దించాలి. పక్క గాడుల్లో ఓక్ వెడ్జీలు, అంటే ఒక కొస సన్నగా ఉండే చెక్కముక్కలు, కొట్టి బిగించాలి. రాయిలో ముందే తొలిచిన రంధ్రం గుండా కింది వరసలోకి తొలిచి ఓక్ చీల దిగ్గొట్టాలి. చీల అడుగును ముందే చీల్చి అందులో చిన్న వెడ్జీ పెట్టేవారు. కిందికి తగలగానే అది విచ్చుకుని లోపల పట్టేస్తుంది. చివరగా, బయటి సందుల మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూయాలి, ఎందుకంటే పచ్చి సున్నాన్ని వచ్చే పోటు కడిగేస్తుంది. ఈ పనంతా నీళ్లు మళ్లీ రాకముందే అయిపోవాలి.

మొదటి రాయి 1757 జూన్ 12న పడింది. దాని బరువు రెండుంబావు టన్నులు. మొత్తం 1,493 రాళ్లు, 988 టన్నులు. బయట కార్న్‌వాల్ గ్రానైట్, లోపల చెక్కడానికి సులువైన పోర్ట్‌లాండ్ రాయి. ఎత్తు 22 మీటర్లు, అడుగు వ్యాసం 8. దీపం 1759 అక్టోబర్ 16న వెలిగింది. మూడేళ్లకు పైగా సాగిన పనిలో గుట్ట మీద నిజంగా పనిచేసిన గంటలన్నీ కలిపితే 111 పూర్తి రోజులే అవుతాయని స్మీటన్ లెక్కగట్టాడు. డిజైన్‌లో కనిపించే ప్రతి మెలికా ఈ సమయాభావం నుంచి పుట్టిందే.

సున్నం సంగతి

మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. నీళ్లలో మునిగి ఉంటే ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది. మన పాత కోటలకూ చెరువు తూములకూ వాడిన డంగు సున్నంలో సుర్కీ, అంటే కాల్చిన ఇటుక పొడి, కలిపింది ఈ లోటు తీర్చడానికే.

స్మీటన్ 1756లో రకరకాల సున్నపురాళ్లు తెప్పించి, ఒక్కోదాన్ని కాల్చి ముద్ద చేసి నీళ్లలో వేసి చూశాడు. తెల్లగా, గట్టిగా, స్వచ్ఛంగా ఉన్న రాయే మంచి సున్నమిస్తుందని అప్పటి తాపీ మేస్త్రీల నమ్మకం. ఫలితం అలా రాలేదు. దాంతో రాళ్లను నైట్రిక్ ఆమ్లంలో కరిగించాడు. నీళ్లలో గట్టిపడిన రకాలన్నింటా అడుగున బంకమట్టి మిగిలింది. అంటే ఇన్నాళ్లూ మలినం అనుకున్నదే అసలు గుణం. బంకమట్టిలోని సిలికా, అల్యూమినా కాలినప్పుడు సున్నంతో కలిసి, నీటితోనే గట్టిపడే పదార్థాలనిస్తాయి. వేల్స్ తీరంలోని అబెర్థా సున్నాన్నీ, ఇటలీలోని చివీతావెక్యా నుంచి వచ్చిన పొజొలానా అనే అగ్నిపర్వతపు బూడిదనూ సమపాళ్లలో కలిపి టవర్‌కు వాడాడు.

పోర్ట్‌లాండ్ సిమెంటును స్మీటన్ కనిపెట్టాడని కొన్నిచోట్ల రాస్తారు. అది సరికాదు. ఆ పేరుతో పేటెంటు 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్‌ది. బంకమట్టి కావాలన్న సూత్రం మాత్రం స్మీటన్ తేల్చిందే.

ఆకారమా, బరువా, జోడింపా?

టవర్ అడుగున వెడల్పుగా మొదలై వంపు తిరుగుతూ సన్నబడే ఆకారాన్ని ఓక్ చెట్టు మానును చూసి తీసుకున్నానని స్మీటన్ చెప్పాడు. ఈ పోలిక జనానికి బాగా పట్టింది. తర్వాతి తరం ఇంజనీర్లు మాత్రం అందరూ ఒప్పుకోలేదు.

స్కాట్లండ్ పడమటి సముద్రంలో స్కెర్రీవోర్ లైట్‌హౌస్ కట్టిన అలన్ స్టీవెన్‌సన్ అభ్యంతరం సూటిగా ఉంటుంది. చెట్టు గాలికి వంగుతుంది, వేళ్లతో నేలను పట్టుకుంటుంది. టవర్ వంగదు, దానికి వేళ్లు లేవు, అది నిలబడేది బరువుతో. కాబట్టి గరిమనాభి ఎంత కిందికి ఉంటే అంత మంచిది. వంపు ఆ లెక్కకు లొంగాలి గానీ చెట్టుకు కాదు. 1844లో వెలిగిన ఆ టవర్ బరువు 4,300 టన్నులు, స్మీటన్ దానికి నాలుగు రెట్ల పైనే. డవ్‌టెయిల్స్ వాడలేదు.

ఏది సరో ఒక రాయిని తీసుకుని చూద్దాం. రాయి బరువు 1.5 టన్నులు, రాతికీ రాతికీ ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. మీద ఏమీ లేకపోతే దాన్ని కదలకుండా పట్టేది 0.9 టన్నుల ఘర్షణే. ఆ రాయి మీదికి పై కట్టడం నుంచి 60 టన్నుల భారం దిగితే పట్టు దాదాపు 37 టన్నులు. స్కెర్రీవోర్ దగ్గర అలన్ తమ్ముడు థామస్ స్టీవెన్‌సన్ పెట్టిన కొలత పరికరం 1845లో ఒక అలకు చదరపు అడుగుకు 6,083 పౌండ్లు చూపింది. చదరపు మీటరుకు దాదాపు 30 టన్నులన్నమాట. పూర్తయిన టవర్ కింది వరసలకు బరువు వాదన బాగానే సరిపోతుంది. నిన్న పరిచిన వరస మీదికి ఈ రాత్రి తుఫాను వస్తే 0.9 టన్నుల ఘర్షణ దేనికీ పనికిరాదు. అక్కడ చీల, వెడ్జీ, డవ్‌టెయిలే దిక్కు. నా లెక్కలో ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిచ్చారు. స్మీటన్‌కి కడుతుండగా నిలవడం ముఖ్యం, ఎందుకంటే అతని గుట్ట పోటుకు మునిగేది. స్కెర్రీవోర్‌లో టవర్ కూర్చున్న చోటు పోటు మట్టానికి పైనే ఉంది.

స్మీటన్ డిజైన్‌లో నిజంగా మెరుగుపరచాల్సింది వేరే ఉంది: పై గదుల అంతస్తులు. వాటిని కమానులా కట్టాడు, కమాను గోడల్ని బయటికి తోస్తుంది. ఆ తోపుడు ఆపడానికి గోడలో గాడి చెక్కి ఇనుప గొలుసులు చుట్టి సీసం పోయాల్సి వచ్చింది. 1811లో వెలిగిన స్కాట్లండ్ తూర్పు తీరపు బెల్ రాక్ లైట్‌హౌస్‌లో అలన్ తండ్రి రాబర్ట్ స్టీవెన్‌సన్ అంతస్తు రాళ్లను గోడ రాళ్లలోనే భాగం చేశాడు. ఇప్పుడు అంతస్తు గోడను తోయదు, లోపలికి పట్టి ఉంచుతుంది.

రాయిని కాదని ఇనుప కాళ్ల మీద దీపం నిలబెట్టి, అలను మధ్యనుంచి పోనిద్దామన్న ఆలోచన కూడా చాలా బలంగా సాగింది. ఇసుక, బురద నేలల్లో స్క్రూ పైల్స్, అంటే మరలా తిప్పి నేలలోకి దించే ఇనుప కాళ్లు, బాగా పనిచేశాయి. గట్టి రాయి మీద, తెరిపి సముద్రంలో రెండు పెద్ద దెబ్బలు తగిలాయి: ఇంగ్లండ్ నైరుతి కొసన బిషప్ రాక్ మీది ఇనుప టవర్ 1850లో దీపం పెట్టకముందే కొట్టుకుపోయింది, అమెరికాలో మైనాట్స్ లెడ్జ్ టవర్ 1851 ఏప్రిల్‌లో ఇద్దరు సహాయకులతో సహా పోయింది. రెండు చోట్లా తర్వాత గ్రానైటే వచ్చింది.

టవర్ బాగానే ఉంది, కింద రాయి పోతోంది

1877 నాటికి స్మీటన్ టవర్ వయసు 118 ఏళ్లు. జోడింపులు చెక్కుచెదరలేదు. పెద్ద అల తగిలినప్పుడల్లా మాత్రం టవర్ ఊగుతోంది. కారణం, టవర్ కూర్చున్న శిలను అలలు అడుగున తొలిచేస్తున్నాయి.

ఇది ఎంత ప్రమాదమో మోటు లెక్క ఒకటి వేయవచ్చు. టవర్ పడిపోవాలంటే అడుగు అంచు మీద తిరగబడాలి. నిలబెట్టే శక్తి: 988 టన్నులను అడుగు వ్యాసార్ధం 4 మీటర్లతో గుణిస్తే సుమారు 3,950 టన్ను మీటర్లు. అల 8 మీటర్ల వెడల్పున, 8 మీటర్ల ఎత్తువరకు సగటున చదరపు మీటరుకు 10 టన్నులతో కొట్టిందనుకుందాం. 640 టన్నులు, నాలుగు మీటర్ల ఎత్తున, అంటే 2,560. ఒకటిన్నర రెట్లు భద్రత. ఇప్పుడు ఒక వైపు అంచు కింద మీటరు మేర రాయి పోయిందనుకోండి. తిరగబడే అంచు లోపలికి జరుగుతుంది, 988ని 3తో గుణించాలి: 2,964. భద్రత ఒకటింబావుకు కూడా రాదు. స్మీటన్ శిలలోకి దిగేసిన కింది వరసల పట్టును ఇందులో కలపలేదు, తేలుడు బలాన్ని తీసేయలేదు. దిశ మాత్రం స్పష్టం: టవర్‌లో ఒక్క రాయీ కదలకుండానే టవర్ బలహీనపడింది.

మొండి స్తంభం ఇప్పటికీ నిలిచే ఉంది కదా, మరి భయం అతిశయం కాదా అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే గానీ మొండి స్తంభం దానికి సాక్ష్యం కాదు. పైభాగం తీసేశాక ఎత్తున తగిలే దెబ్బ లేదు, ఊగడానికి పొడవు లేదు.

డగ్లస్ మార్చినవి

ఇంగ్లండ్ లైట్‌హౌస్‌లను నడిపే సంస్థ ట్రినిటీ హౌస్ చీఫ్ ఇంజనీర్ జేమ్స్ డగ్లస్ కొత్త టవర్‌కు పాతదానికి 40 గజాల దూరంలో వేరే శిలను ఎంచుకున్నాడు. ఆ చోటు పాటుకు కూడా నీళ్లలోనే ఉంటుంది. చుట్టూ తాత్కాలిక గోడ కట్టి నీళ్లు తోడి పునాది వేయాల్సి వచ్చింది. ఆవిరి యంత్రాల రోజులు కాబట్టి అది సాధ్యమైంది.

పెద్ద మార్పు అడుగున కనిపిస్తుంది. స్మీటన్ వంపు అలను ఆపేది కాదు, పైకి ఎక్కించేది. నీళ్లు దీపపు గది మీదుగా పోయేవి. డగ్లస్ అడుగున 13.4 మీటర్ల వ్యాసం, 6.7 మీటర్ల ఎత్తుతో నిట్టనిలువు స్తంభాకార దిమ్మె కట్టి, దాని మీద సన్నటి టవర్ లేపాడు. అల దిమ్మెకు కొట్టుకుని అక్కడే విరుగుతుంది. పడవ దిగడానికి అరుగు కూడా దొరికింది. నిట్టనిలువు గోడ దెబ్బను ఎక్కువ తింటుందన్నది నిజమే. దానికి జవాబు బరువు: 2,171 రాళ్లు, 4,668 టన్నులు. పాత లెక్కే వేస్తే నిలబెట్టే శక్తి 31,000 టన్ను మీటర్ల పైమాటే, స్మీటన్‌ది దాదాపు ఎనిమిదో వంతు. ఇంత బరువు పెట్టి కూడా డవ్‌టెయిల్స్ మానలేదు. పక్కల్లోనే కాక పైకీ కిందికీ కూడా రాళ్లు ఒకదానిలో ఒకటి దిగేలా చెక్కించాడు. పాత వాదనలోని ఇరుపక్షాలనూ ఒకే టవర్‌లో వాడుకున్నాడన్నమాట.

1882 మే 18న కొత్త దీపం వెలిగింది. ప్లిమత్ జనం చందాలు వేసుకుని స్మీటన్ టవర్ పైభాగాన్ని రాయి రాయిగా విప్పించి హో మైదానంలో కొత్త అడుగు మీద నిలబెట్టారు. ఫొటోల్లోని ఎర్ర తెల్ల చారల టవర్ అదే.

దీపం

టవర్‌తో పోలిస్తే దీపం చాలాకాలం వెనకబడే ఉంది. స్మీటన్ అంత కట్టి పెట్టింది ఇరవై నాలుగు కొవ్వొత్తులు, వెనక అద్దాలు కూడా లేవు. మొత్తం వెలుగు దాదాపు 67 క్యాండెలా, ఈనాటి చిన్న ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేపాటి. వత్తులు మాటిమాటికీ కత్తిరించకపోతే అదీ ఉండదు. 1810లో ఆర్గండ్ నూనెదీపాలు, ప్రతిఫలక పళ్లేలు వచ్చాయి. 1845లో ఫ్రెనెల్ కటకం వచ్చింది. నాలుగు దిక్కులా పోయే వెలుగును వలయాలుగా కోసిన గాజు పట్టకాలతో దిగంతం వైపే మళ్లించడం దాని పని.

డగ్లస్ టవర్‌లో 1956లో కరెంటు దీపం పెట్టారు. 1980లో దీపపు గది మీద ఇనుప చట్రంతో హెలిప్యాడ్ కట్టారు, దాంతో పడవ దిగే ఇబ్బంది తీరింది. 1982లో కాపలాదార్లను వెనక్కి పిలిచారు. ట్రినిటీ హౌస్ నడిసముద్రపు లైట్‌హౌస్‌లలో ఆటోమేటిక్ అయిన మొదటిది ఇదే. 1999 నుంచి సౌరశక్తి మీద నడుస్తోంది. పది సెకన్లకోసారి రెండు తెల్ల మెరుపులు దీని గుర్తు. దీనికి తోడు, వాయవ్యంగా నీటికింద ఉన్న హ్యాండ్ డీప్స్ అనే మరో రాతి మిట్ట వైపు మాత్రమే కనిపించేలా ఒక ఎర్ర దీపం విడిగా పెట్టారు. ఓడలోంచి ఆ ఎరుపు కనబడిందంటే మిట్ట ఉన్న దిశలోకి వచ్చారని లెక్క.